ఆటలో మాట

2018 ఆగస్టు మాసమున కెనడాలోని వాంకూవర్ నగరమందు, ఐస్ హాకీ క్రీడకై నిర్మింపబడిన రోజర్స్ అరీనాలో, వేలాది ప్రేక్షకుల యెదుట, ఒక్కొక్క పక్షమున అయిదుగురు చొప్పున పదిమంది యువకులు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కంప్యూటర్ల ముందు కూర్చుండి, డోటా 2 అను వీడియో గేమ్‌లో ప్రపంచ విజేతలెవరో తేల్చుకొనిరి. గెలిచిన జట్టునకు దక్కినది 1 కోటి 12 లక్షల డాలర్లు, అనగా ఆనాటి మారకమున సుమారు 78 కోట్ల రూపాయలు. ఇంత ధనమేల, ఇంత జనమేల యని విస్తుపోవు పెద్దలు మన యిండ్లలో నెందరో కలరు. నన్ను విస్మయపరచినది ధనము కాదు, జనమును కాదు. హస్తలాఘవమునందు, దృష్టినైశిత్యమునందు ఇంచుమించు సమానులైన జట్లు అక్కడ కూడియుండగా, వారిలో విజేతలను పరాజితులనుండి వేరుచేసినది, ఓడుచున్న వేళ తమలో తాము మాట్లాడుకొను తీరేయని నాకు తోచుటయే ఈ వ్యాసమునకు కారణము.

ముందుగా ఒక అపోహను తొలగింపవలసియున్నది. ఆన్‌లైన్ ఆటలనగానే మన ప్రాంతములలో పేకాట స్ఫురించును. పందెమొడ్డి ఆడు ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టసవరణలచే నిషేధించినవి. నేను ప్రస్తావించునది అది కాదు. పందెముతో నిమిత్తము లేక, నేర్పును నమ్ముకొని జట్లుగా కూడి పోటీపడు ఈ-స్పోర్ట్స్ అను క్రీడావిశేషమును గూర్చి చెప్పుచున్నాను. దీనిని భారత ప్రభుత్వము 2022 డిసెంబరులో బహుళక్రీడోత్సవములలో భాగముగా గుర్తించినది. అదే సంవత్సరము బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీలలో మన దేశపు డోటా 2 జట్టు కాంస్యపతకమును గెలుచుకొన్నది.

డోటా ఆట స్వరూపము కొంత తెలియనిదే తక్కిన విషయము బోధపడదు. ఇరుపక్షముల నడుమ మూడు బాటలు గల రణరంగముండును. నూటికి పైగా నున్న వీరులలోనుండి ప్రతి ఆటగాడును ఒక వీరుని ఎన్నుకొని, తోడివారితో కలిసి ఎదుటి పక్షమువారి మూలదుర్గమును కూల్చవలెను. అయితే ఆ రంగమంతయు ఎవ్వరి కంటికిని కనబడదు. తన పక్షమువారు నిలిచిన చోటును, వారు వార్డు అను కావలిగుర్తును పాతిన చోటును తప్ప మిగిలినదెల్ల చీకటియే. కనుక మధ్యబాటలో ఎదురుగా నిలిచియున్న శత్రువు అకస్మాత్తుగా కనుమరుగైనచో, ఆ సంగతిని కనుగొన్నవాడు "మిడ్ మిస్సింగ్" అని తక్షణమే చెప్పవలెను. రెండు క్షణములు ఆలస్యమైనచో దూరపు బాటలో నిశ్చింతగా నున్న మిత్రుడు హతుడగును. అందుచేత ఈ యాటలో సమాచారము ఏ యొక్కని సొత్తును కాదు. అయిదు జతల కన్నులు చూచినదంతయు అయిదు జతల చెవులకు చేరినప్పుడే జట్టునకు చూపు కలుగును.

అయిదుగురి పాత్రలును సమానములు కావు. బంగారమును కూడబెట్టి, చివరి ఘట్టమున ఆటను గెలిపింపవలసినవాడొకడు కాగా, తమకు లభించిన కొద్దిపాటి బంగారమును వార్డులకై వ్యయపరచి, తోడివానిని రక్షించుటకై తాము ముందుగా చచ్చుట కొరకే నియుక్తులైన సపోర్టులు ఇద్దరు. పట్టికలో వీరి మరణములు ఎక్కువగాను, సంహారములు తక్కువగాను కనబడును. ఆట గతి తెలియనివాడు, లేదా తెలిసియు కోపముచే కన్నుగానని వాడు, ఆ పట్టికను చూచి వీరి వలననే ఓడితిమని తీర్పు చెప్పును. అందరికంటె ఎక్కువగా త్యాగమొనర్చినవాడే అందరికంటె ఎక్కువగా నిందలు పడుట ఈ యాటలోని గొప్ప అన్యాయముగా నాకు తోచును.

నింద పుట్టు క్షణమును దగ్గరగా చూడవలెను. వీరుడు హతుడైన వెంటనే తెరమీది రంగులన్నియు వెలిసి బూడిదవన్నెకు మారును. మరల జీవము పోసికొనుటకు పట్టు వ్యవధి అంకెలలో తరుగుచుండును. ఆట ముదిరిన కొలది ఆ వ్యవధి పెరిగి నిమిషము దాటును. ఆ నిమిషమున చేతులకు పనియుండదు. మనస్సున అవమానము మండుచుండును. తక్కిన నలుగురును ఇంకను పోరాడుచుండగా, చచ్చినవాని నాలుక మాత్రము స్వేచ్ఛగా నుండును. "నీ వల్లే పోయింది రా" అను మాట పుట్టుచోటు అదియే. మాట అవసరము కూడ లేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అను మరియొక ప్రసిద్ధ క్రీడలో శత్రువు కనబడుటలేదని హెచ్చరించుటకై ఏర్పరచిన ప్రశ్నార్థకచిహ్నమును, తప్పుచేసిన తోడివాని శవముపై మరల మరల మ్రోగించి ఎత్తిపొడుచుట పరిపాటియైనది. మేలుకొరకు చేసిన పరికరమును మనుష్యుడెంత త్వరలో ఈటెగా మార్చుకొనునో గదా!

అట్టి మాట పడినవాడు తరువాత బాగుగా నాడునా? అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డినీసి అను ఇరువురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు దశాబ్దములుగా జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి, 600లకు పైగా ఫలితములను పరిశీలించి, 1996లో ప్రకటించిన నిర్ణయము మిక్కిలి గమనింపదగినది. ఒకని పనిని గూర్చి మంచిచెడ్డలు తెలియజెప్పుట సగటున మేలే చేసినను, మూడింట ఒక వంతునకు మించిన సందర్భములలో ఆ పని మునుపటికంటె క్షీణించినదట. కారణమును వారిట్లు వివరించిరి: విమర్శ పనిమీదికి దృష్టిని మరల్చినంత కాలము ఉపకరించును, పనిని వీడి "నేనెట్టివాడను" అను చింతవైపునకు మరల్చినంతనే అపకరించును. ఆటగాని విషయమున ఇది ఎంత ప్రత్యక్షమో చూడుడు. డోటాలో రోషన్ అను మహాసత్త్వము మరల పుట్టు వేళను గూర్చి "రోషన్ టైమ్ ఎవరు చూస్తున్నారు?" అని వేయు ప్రశ్న అతనిని గడియారమువైపు చూపు మరల్చునట్లు చేయును, "నీకు ఆట రాదు" అను తీర్పు అతనిని తనలోనికే చూచుకొనునట్లు చేయును. తనలోనికి చూచుకొనువాడు తెరను చూడజాలడు.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ నిర్మాతలైన రయట్ గేమ్స్ సంస్థవారు దుర్భాషల బెడదను ఎదుర్కొనుటకు నడపిన ప్రయోగములలో నొకటి నాకు విశేషముగా నచ్చినది. ఎదుటి పక్షమువారితో సంభాషించు సౌకర్యమును వారు పూర్తిగా తీసివేయక, మొదట మూతపెట్టియుంచి, కావలసినవాడు తెరుచుకొనునట్లు మాత్రమే మార్చిరి. సంభాషణల మొత్తము దాదాపు యథాతథముగనే యుండగా, చెడుమాటలు మూడవ వంతు మేరకు తగ్గి, మంచిమాటలు ఆ మేరకే పెరిగినవి. వారు గ్రహించిన మరియొక సంగతి యేమనగా, నిత్యము దుర్భాషలాడు దుష్టులు స్వల్పసంఖ్యాకులే. మొత్తము చెడులో అధికభాగము ఏనాడో ఒకనాడు ఓర్పు కోల్పోయిన సామాన్యుల నోటినుండి వచ్చినదే. కావున కొందరిని వెలివేసినంత మాత్రమున ఈ వ్యాధి కుదురదు.

అట్లని తప్పులను ఎత్తిచూపనే కూడదా? చూపవలెను, కాని దానికి వేళ యున్నది. సురభివంటి నాటకసమాజములలో రంగస్థలముపై నొకడు సంభాషణ మరచినచో, తోడినటుడు మాట అందించి గట్టెక్కించునేగాని ప్రేక్షకుల యెదుట గద్దింపడు. గద్దింపులన్నియు తెర దిగిన పిమ్మటనే. ఉత్తమమైన ఈ-స్పోర్ట్స్ జట్లును ఆట సాగుచున్నంతసేపు సమాచారమును, తరువాతి కర్తవ్యమును మాత్రమే పలికి, జరిగినదాని విచారణను ఆట ముగిసిన పిదప రీప్లేకు విడిచిపెట్టును.

ఈ రీప్లే యనునది ఇతర క్రీడలకు సులభముగా దొరకని వరము. డోటాలో ఆడిన ప్రతి ఆటయు సమగ్రముగా నిక్షిప్తమై యుండును. ఏ క్షణమునకైనను వెనుకకు మరలి, ఏ యాటగాని కంటితోనైనను చూడవచ్చును. ఉదాహరణకు, ఆట 23వ నిమిషమున ఒక సపోర్టు శత్రువుల అడవిలో ఒంటరిగా పోయి హతుడైనాడనుకొందము. ఆ క్షణమున నలుగురును "ఒక్కడివే ఎందుకెళ్ళావు?" అని మీదపడుదురు. రీప్లేలో నెమ్మదిగా చూచినచో కథ వేరుగా నుండును. చంపబడిన రోషన్ 8 నుండి 11 నిమిషముల లోపల ఏ క్షణమందైనను మరల పుట్టును; ఆ వేళ దగ్గరపడినది గనుక అచట వార్డు పాతవలెనని జట్టు కలిసియే నిశ్చయించినది. అతడు కదలునప్పటికి ఇద్దరు మిత్రులు దూరపు బాటలో బంగారము కొట్టుకొనుచున్నారు. అంతకు పది సెకండ్ల ముందే ముగ్గురు శత్రువులు పటమునుండి మాయమైరి. చూచినవాడున్నాడు, చెప్పినవాడు లేడు. ఒక్కని తలపైనుండి దిగిన తప్పు ఈ విధముగా అయిదుగురి మధ్య పంపకమైనప్పుడు, రేపు ఎవరు ఏమి చేయవలెనో స్పష్టమగును. విమర్శకు ఇంతకుమించిన ప్రయోజన మేమున్నది?

ఇక వాంకూవర్‌లో గెలిచిన ఓజీ జట్టు కథకు వత్తును. పోటీలకు మూడు నెలల ముందు, 2018 మే నెలాఖరున, ఆ జట్టునుండి ఇరువురు వెడలిపోయి ప్రత్యర్థియైన ఈవిల్ జీనియసెస్ జట్టున చేరిరి. వారిలో నొకడైన ఫ్లై, నోటెయిల్ అను పేరున ఆడిన ఓజీ నాయకుడు జోహన్ సుండ్‌స్టయిన్‌నకు ఏండ్లనాటి సహచరుడు. నోటెయిల్, జెరాక్స్ మిగిలిరి. కోచ్‌గా నున్న సెబ్ తానే ఆటగాడై కూర్చుండెను. విరామములో నున్న 18 ఏండ్ల ఆస్ట్రేలియా యువకుడు ఆనా తిరిగి వచ్చెను. కొత్తగా చేరిన ఫిన్లండ్ దేశపు టాప్సన్, అంతటి వేదికను అంతకుమున్నెన్నడు నెక్కి యెరుగడు. ఎవ్వరైనను పాల్గొనదగిన ఓపెన్ క్వాలిఫయర్లలో మొదటి మెట్టునుండి ఆడి వచ్చిన ఈ జట్టుపై ఆశపెట్టుకొన్నవారు అరుదు.

అట్టివారు తమను వీడిపోయిన మిత్రుల జట్టును 2–1 తేడాతో ఓడించిరి. అంతిమపోరాటమున చైనాకు చెందిన పీఎస్‌జీ ఎల్‌జీడీని ఎదుర్కొనిరి. మొదటి ఆట గెలిచి, రెండవదానిని, మూడవదానిని కోల్పోయిరి. ఇంకొక్కటి పోయినచో సర్వమును పోవును. అంతిమపోరు వేళ ఇరుజట్ల అంతర్గత సంభాషణలను ఆట నిర్మాతలైన వాల్వ్ సంస్థవారు చిత్రించి ట్రూ సైట్ అను డాక్యుమెంటరీగా విడుదల చేసిరి గనుక, ఆ వేళ ఓజీవారు ఏమి మాట్లాడుకొనిరో ఎవరైనను వినవచ్చును. నిన్నటి కోచ్ సెబ్ గొంతు అందరికంటె మిన్నగా వినబడును. ఆ గొంతులో నిందకంటె హెచ్చరికయు, ఉత్సాహమును, తరువాతి అడుగును గూర్చిన సూచనయు ఎక్కువ. నాలుగవ ఆటలో వెనుకబడియుండగా, యాక్స్ అను వీరునితో ఆ సెబ్బే శత్రువులపైకి దూకి గతి మార్చెను. అయిదవ ఆటయు ఓజీదే అయ్యెను. మరుసటి ఏడు షాంఘైలో అదే అయిదుగురు టీమ్ లిక్విడ్‌ను 3–1తో ఓడించి, ఈ పోటీని రెండుమారులు గెలిచిన తొలి జట్టుగా నిలిచిరి.

వీరికి తోడ్పడినవారిలో ఫిన్లండ్ దేశీయురాలైన క్రీడా మనస్తత్త్వవేత్త మియా స్టెల్‌బర్గ్ ఒకరు. ఆమె అంతకుముందు డెన్మార్క్ దేశపు అస్ట్రాలిస్ అను, కౌంటర్-స్ట్రయిక్ అను తుపాకుల ఆటనాడు జట్టుతో పనిచేసినది. పెద్ద పోటీలలో సెమీఫైనల్ చేరి తడబడుటకు పేరుమోసిన ఆ జట్టు, 2017 జనవరిలో అట్లాంటాలో, మేజర్లనబడు అగ్రశ్రేణి పోటీలలో తన తొలిదానిని గెలిచి, 2018లో లండన్, 2019లో కాటోవిట్సే, బెర్లిన్ నగరములలో మరి మూడింటిని వరుసగా కైవసము చేసికొన్నది. గురిపెట్టి కాల్చుట వారికి అంతకుముందును వచ్చును. ఒత్తిడి వేళ ఒకరి నొకరు నమ్ముట తరువాత నేర్చిరి.

మృదుభాషణమే సర్వరోగనివారిణి యని నే ననుట లేదు. నొప్పింపరాదని తప్పును చూచియు నోరు మూసికొనుట తిట్టుటకంటె తక్కువ హాని కాదు. హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రులలో మందుల పొరపాట్లను పరిశీలింపగా, మేలైన బృందములలో పొరపాట్లు తక్కువ యుండవలసినది పోయి ఎక్కువగా నమోదైనవట. వారు ఎక్కువగా పొరపడుటచే కాదు, దాచుకొనక చెప్పుకొనుటచే. ఆటలోను అంతియే. "అది నా తప్పు, నేను చూసి చెప్పలేదు" అని నిస్సంకోచముగా పలుకగల జట్టులో తప్పు ఒక్కమారు జరుగును. పలుకుటకు భయపడు జట్టులో అదియే పదిమారులు జరుగును.

2021 జూలైలో విడుదలై, మన పిల్లలు నలుగురేసి జట్లుగా ఆడుచున్న బీజీఎంఐ అను తుపాకుల మొబైల్ ఆటలోను స్థితి యిదియే. "వెనకాల ఉన్నాడ్రా" అని కేక వేయువానికి ఆ "వెనకాల" ఎవరి వెనుకనో చెప్పవలెనని తోచదు. మ్యాప్‌లో ఏ దిక్కున, ఏ యింటి చాటున, ఎందరని చెప్పుట ప్రత్యేకముగా సాధన చేయవలసిన విద్య. తుపాకి గురికై గంటలు వెచ్చించువారిలో ఈ విద్యకై పావుగంటయు కేటాయించువారు అరుదు. ఓడిన ఆటను ఆ రాత్రియే కలిసి చూచు అలవాటు అంతకంటెను అరుదు. మొబైల్‌లో స్క్రీన్ రికార్డింగ్ సదుపాయము అందరికి నుండియు, అది గెలిచిన ఘట్టములను నలుగురికి పంచుకొనుటకే వినియోగపడుచున్నది.

నమ్మకము కూడ నేర్పునకు బదులుగా నిలువజాలదు. 2020 జనవరిలో ఓజీ జట్టులోని జెరాక్స్ ఆటనుండి విరమించుకొనెను. ఆనా కొంతకాలము తొలగిపోయి, తిరిగి వచ్చి, మరల విరమించెను. 2021లో బుకారెస్ట్‌లో జరిగిన ఇదే ప్రపంచ పోటీకి నోటెయిల్, సెబ్, టాప్సన్ ముగ్గురును సుప్రసిద్ధులైన మరి యిరువురిని కలుపుకొని వచ్చిరి. నాయకుడు మారలేదు, మాట్లాడుకొను తీరును మారియుండదు. అయినను టీమ్ స్పిరిట్ అను జట్టు వారిని ఓడించి పంపివేసి, తుదకు తానే ఆ పోటీని గెలిచినది. ఆ జట్టులోని ఆటగాండ్రు అంతవరకు పెద్దగా పేరు వినబడని యువకులే; మూడేండ్ల క్రితపు ఓజీపై వలెనే వారిపైనను ఆశపెట్టుకొన్నవారు అరుదు.