బిడ్డతల్లి బంతియాట

బంతియాటను గూర్చి వ్రాయుటకు నాకుగల అర్హత యేమని మీరడిగినచో, ఏమియు లేదని ముందే యొప్పుకొందును. నేను చదివినవి మా తండ్రిగారు ఇంట కూర్చుండబెట్టి చెప్పిన భారతభాగవతములు, నాలుగైదు కావ్యములు. నేనాడినవి అష్టాచెమ్మయు గచ్చకాయలును. పెండ్లియైన పిదప అవియు పోయినవి. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులగుటచే పిల్లల ఆటలమాట మా యింట వినబడుచునే యుండును గాని, నేను చెవినిడుట తక్కువ.

2023 ఆగస్టులో ఒక శనివారమునాడు అన్నము చల్లారుచున్నదని పిలుచుటకు ముందుగదిలోనికి పోతిని. మా వారును పిల్లలును టెలివిజను ముందు ఊపిరి బిగబట్టి కూర్చుండియుండిరి. తెరమీద ఒక పొట్టియాడుది ఒంటరిగ నడచి బంతి యొద్దకు పోవుచుండెను. "అమ్మా, ఆవిడకు రెండేండ్ల కూతురున్నదట" అని మా అమ్మాయి చెప్పినది. నేనును అచ్చటనే నిలిచిపోతిని. ఆ స్త్రీని గూర్చి పిమ్మట అడిగియు చదివియు తెలిసికొన్న సంగతులనే యిచట వ్రాయుచున్నాను.

ఆమె పేరు కట్రీనా గోరీ. ఆస్ట్రేలియా తూర్పుతీరముననున్న బ్రిస్బేను నగరపు ఆడపడుచు. 1992 ఆగస్టు 13వ తేదీని జన్మించెను. ఎత్తు అయిదడుగులకు ఏ కొంచెమో యెక్కువ. అందుచే తోడివారు "మినీ" యని పిలుతురు. ఫుట్‌బాలులో ఆమెది మధ్యస్థానము. జట్టునకు పదునొకండుగురు. ముందున్నవారు గోలు వేయుదురు, వెనుకనున్నవారు గోలు పడకుండ కాతురు. ఈ యిరువురి నడుమ నుండువారి పని వేరు. ముందువారికి బంతి కావలెనన్న వీరే యందీయవలెను. వెనుకవారికి ఆపద వచ్చినచో వీరే పరుగెత్తవలెను. గంటన్నర యాటలో వీరికి కాలు నిలుపుటకు తీరిక యుండదు. మఱునాడు పత్రికలలో పడునది మాత్రము గోలు వేసినవారి పేరే. పెండ్లివిందులో లడ్డు బాగున్నదని మెచ్చుకొనువారుందురు గాని, తెల్లవారుజామున పొయ్యి రాజబెట్టినదెవరని యెవ్వరడుగుదురు?

ఆ దేశమున స్త్రీలకు ఈ యాట అంత సులభముగ దక్కినది కాదు. 1921 సెప్టెంబరులో అదే బ్రిస్బేను నగరమున గాబా యను మైదానమున ఉత్తరపు పేటవారును దక్షిణపు పేటవారును రెండు స్త్రీల జట్లుగ నేర్పడి యాడగా, చూచుటకు దాదాపు పదివేలమంది వచ్చిరి. ఆ యేడాదియే డిసెంబరులో ఇంగ్లాండులోని ఫుట్‌బాలు సంఘమువారు ఈ యాట స్త్రీలకు తగదని తీర్మానించి, తమ సభ్య క్లబ్బుల మైదానములను వారికి మూసివేసిరి. దాని నీడ ఆస్ట్రేలియా మీదను పడెను. ఆ నిషేధము సుమారు ఏబదియేండ్లు నిలిచెను. చూచుటకు జనులు రాక కాదు, వచ్చుటచేతనే యని నాకు తోచుచున్నది. 1979లో ఆస్ట్రేలియా స్త్రీల జట్టు సిడ్నీలో న్యూజీలాండుతో తన మొదటి అధికారిక పోటీ నాడినప్పుడు, ఆ పడుచులు తమ దుస్తుల మీది దేశచిహ్నములను తామే సూదిదారములతో కుట్టుకొనిరట. నాటి నాయకురాలు జూలీ డోలన్‌ది కూడ ఈ మధ్యస్థానమే.

గోరీ 2012లో దేశపు జట్టులో చేరెను. ఆస్ట్రేలియా 2006 నుండి ఆసియా ఖండపు ఫుట్‌బాలు సమాఖ్యలోనే యున్నది. 2014లో వియత్నాములో జరిగిన ఆసియా పోటీలలో ఆ జట్టు తుదియాటవఱకు పోయి జపానుచేతిలో నోడెను. ఆ సంవత్సరమున ఆసియాలోనెల్ల ఉత్తమ క్రీడాకారిణిగ గోరీనే యెన్నుకొనిరి. అప్పటికామె కిరువదిరెండేండ్లు.

కీర్తి యెంత వచ్చినను కూలి మాత్రము రాలేదు. 2015లో ఆ జట్టువారి మూలవేతనము ఏటికి సుమారు 21,000 ఆస్ట్రేలియా డాలర్లు. ఆ దేశపు ధరలకది ఒంటికి చాలదు. ఆ సెప్టెంబరులో వారందఱును ఒక్కమాటగ అమెరికా పర్యటనకు పోమని నిలిచిరి. నాలుగేండ్ల పిమ్మట, 2019లో, పురుషుల జట్టుతో సమానమైన భాగము స్త్రీలకు దక్కునట్లు ఒడంబడిక కుదిరెను. తల్లులగువారికి వేతనముతోడి సెలవును అందు చేర్చిరి. ఆ యక్షరముల విలువ గోరీకి రెండేండ్లలోనే తెలియవచ్చెను.

దానికి ముందు ఒక రాత్రి సంగతి చెప్పవలెను. 2016లో బ్రెజిలు దేశమున ఒలింపిక్కులు జరిగినవి. ఆస్ట్రేలియా ఆ దేశపు జట్టుతోనే యాడవలసివచ్చెను. ఎంతసేపాడినను ఇరువురకు గోలు పడలేదు. అట్టి సమయమున చెఱి యైదుగురు ఒకరి తరువాత నొకరు పండ్రెండు గజముల దూరమునుండి బంతిని తన్నవలెను. అడ్డుటకు గోలుకీపరు ఒక్కతెయే. దీనిని పెనాల్టీ యందురు. బ్రెజిలు తరపున అయిదవదియైన మార్తా, లోకమెల్ల కొనియాడు ఆటకత్తె, తన్నిన బంతిని ఆస్ట్రేలియా కీపరు ఆపివేసెను. ఇక గోరీ తన్ని గోలు వేసినచో గెలుపు ఆస్ట్రేలియాదే. ఆమె తన్నెను. బ్రెజిలు కీపరు ఆపెను. ఆట సాగి తుదకు బ్రెజిలు 7-6 తో గెలిచెను.

గంటలకొలది పరుగెత్తిన దానిని మఱచి, తప్పిన ఆ యొక్క తన్నునే లోకము జ్ఞాపకముంచుకొనును. ఇట్టిది ఇండ్లలో మనకును తెలియనిది కాదు.

ఆ తరువాతి యేండ్లలో ఆమె జపానులో నాడెను, నార్వేలో నాడెను, దేశపు జట్టులోను ఆడెను. కాని ఆట మీద మునుపటి ప్రీతి లేకపోయెను. తిండి విషయమున తాను చాలకాలము రోగమువలె బాధపడితినని తరువాత ఆమెయే దాచక చెప్పెను. ఒంటిబరువును ఇతరులు తూచి చూచు వృత్తిలో నున్న ఆడువారికిది కొత్త కాదు.

అంతట ఆమెకు తల్లి కావలెనను కోరిక కలిగెను. భర్త లేడు. వైద్యుల సహాయమున, శరీరము వెలుపల పిండమును కలిగించు పద్ధతిచే గర్భము దాల్చి, 2021 ఆగస్టులో ఆడబిడ్డను కనెను. బిడ్డ పేరు హార్పర్. మన యిండ్లలో నిది వినుటకు వింతయని నే నెఱుగుదును. నేను చెప్పినప్పుడు మా అత్తగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "పురిటిలో ఎవరు చూచిరి?" యని యడిగిరి. గోరీ తల్లి చూచినదని చెప్పగా ఆమె మనస్సు కుదుటపడెను. ఆదిపర్వములో శకుంతల తన కుమారుని పెనిమిటి దాపున లేకయే పెంచినది. రాజసభలో నిలువవలసినప్పుడు ఆ బిడ్డను వెంటబెట్టుకొనియే నిలిచినది.

పురుడైన ఒడలు మరల పరుగునకు వచ్చుట యెంత కష్టమో ప్రసవించినవారికి నేను చెప్పనక్కఱలేదు. అయినను ఆ పురిటి వెనువెంటనే వచ్చిన పోటీల కాలములోనే ఆమె బ్రిస్బేను క్లబ్బునకు ఆడెను. 2022లో దేశపు జట్టువారు ఆమెను తిరిగి పిలిచిరి. ఆ యేడే స్వీడనులోని విట్‌షో యను చిన్న పల్లెటూరి క్లబ్బున చేరి, బిడ్డను వెంటగొని పోయెను. అచట తోటి క్రీడాకారిణియైన క్లారా మార్క్‌స్టెట్ ఆమెకు జీవిత సహచరి యయ్యెను. పాలు త్రావు బిడ్డను ఇంట విడిచి మైదానమునకు పోవలసినచో ఆమె ఆట అంతటితో ముగిసెడిది. బిడ్డను, బిడ్డను చూచుకొను మనిషిని జట్టుతో కూడ తీసికొనిపోవుటకు ఆస్ట్రేలియా ఫుట్‌బాలు సంఘమువారు వసతి కల్పించిరి. ఆమె పట్టుదలను మెచ్చువారు ఈ సంగతిని విడిచిపెట్టుట నాకు నచ్చదు. చేయూత లేని పట్టుదల యెన్ని యిండ్లలో పొయ్యిప్రక్కనే ఆరిపోలేదు!

ఇక ఆ శనివారము. 2023లో ప్రపంచపు పోటీలు ఆస్ట్రేలియాలోను న్యూజీలాండులోను జరిగెను. ఆగస్టు 12వ తేదీని ఫ్రాన్సుతో ఆట; స్థలము గోరీ సొంతయూరైన బ్రిస్బేను. ఏబదివేలకు కొంచెము తక్కువగ జనులు కూడిరి. మఱునాడు ఆమెకు ముప్పదియొకటవ యేడు నిండును. గోలు లేకయే ఆట ముగిసెను. మరల పెనాల్టీలే!

అయిదేసి తన్నులైన పిదపను సమముగ నుండెను. ఆపైన ఒక్కరు తప్పి రెండవవారు వేసినచో ఆట ముగియును. ఫ్రాన్సు ఆరవ తన్ను గోలయ్యెను. ఆస్ట్రేలియా ఆరవదానికి వచ్చినది గోరీ. తప్పినచో దేశము నోడును. నేను అన్నపు మాట మఱచి నిలిచినది ఈ క్షణముననే. అప్పటికి నాకు బ్రెజిలు కథ తెలియదు, తెలిసియుండినచో చూడలేకపోదును. ఆమె బంతి నుంచెను, వెనుకకు నడిచెను, తన్నెను. వల కదలినది. మా వారు లేచి చప్పట్లు చఱచిరి. ఇరువదియేండ్ల కాపురములో ఆయన అట్లు కేకవేయుట నేను చూచి యెఱుగను.

ఇరువైపుల పదేసి తన్నులు. తుదకు ఆస్ట్రేలియా గెలిచెను. లెక్క యెంతయో తెలియునా? 7-6.

పిమ్మటి కథ కొంచెమే. ఇంగ్లాండు 3-1 తో వారిని ఓడించెను. మూడవ స్థానపు ఆటలో స్వీడను 2-0 తో గెలిచెను. ఆ నాలుగవ స్థానమైనను ఆ దేశమున పురుషులకుగాని స్త్రీలకుగాని ప్రపంచపు పోటీలలో అంతకుముందు రానిదే. 2024 జనవరిలో గోరీ లండనులోని వెస్ట్‌హామ్ క్లబ్బున చేరెను. ఆటలైన పిమ్మట చిన్ని హార్పర్ మైదానపు పచ్చికలో తల్లివెంట తిరుగుట చూపరులకు వాడుకయైనది.

ఆ శనివారము అన్నము తినునప్పటికి మూడు గంటలు దాటెను. మఱుసటి వారము మా అమ్మాయి, పాఠశాలలోని బంతి మగపిల్లలయొద్దనే యెందుకుండవలెనని తండ్రి నడిగినది. ఆయన జవాబు వెదకి, దొరకక, బీరువా తాళపుచెవి తీసి యిచ్చిరి. ఇప్పుడు శనివారము సాయంకాలములందు ఏడుగురు ఆడపిల్లలు ఆడుచున్నారు. జట్టునకు పదునొకండుగురు కావలెనుగదా యని నేనంటిని. మిగిలిన నలుగురి యిండ్లకు వచ్చి వారి తల్లులతో మాటాడుమని నాకు పని పెట్టినది. ఇద్దఱు ఒప్పుకొనిరి.