హోటల్ వంటగదిలోకి తొంగిచూసేదెవరు?

మోండా మార్కెట్‌లో కూరలు కొనేటప్పుడు వంకాయను పదిసార్లు తిప్పి చూస్తాం. బెండకాయ చివర విరిచి చూడందే తూకం వేయించుకోం. అదే సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర టిఫిన్‌కి కూర్చుంటే... ప్లేటులో వచ్చినదాన్ని మారు మాట్లాడకుండా తినేస్తాం! లోపల వంటగది ఎలా ఉందో, నూనె ఎన్నిసార్లు కాగిందో మనకేం తెలుసు?

మన తరఫున లోపలికెళ్లి చూసేవాళ్లే ఆహార భద్రత అధికారులు. పాతవాళ్లు 'ఫుడ్ ఇన్‌స్పెక్టర్' అంటారే, వాళ్లన్నమాట.

తనిఖీలో ఏం చేస్తారు?

1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో కొత్త చట్టం తెచ్చారు. అది 2011 ఆగస్టు నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం ఆహారం తయారుచేసే, నిల్వచేసే, అమ్మే ఏ చోటికైనా అధికారి వెళ్లొచ్చు. అనుమానమొస్తే శాంపిల్ తీయొచ్చు. అయితే ఊరికే కాదు, దాని ఖరీదు చెల్లించాల్సిందే! ఆ శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి పరీక్షకు వెళ్తుంది. మిగిలినవి తర్వాత పేచీ వస్తే మళ్లీ పరీక్షించడానికి. మన రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. పద్నాలుగు రోజుల్లో రిపోర్టు ఇవ్వాలన్నది నియమం.

వంటగది అపరిశుభ్రంగా ఉంటే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. హానికరమైన తిండి వల్ల ప్రాణం పోతే ఏడేళ్లకు తక్కువ కాకుండా జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు.

ప్రాణాల మీదికొచ్చాకే...

2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. ఒక మహిళ చనిపోయింది. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండొచ్చు. ఉడికిస్తే చస్తుంది. మయోనైజ్‌లో గుడ్డు ఉడకదు కదా! పైగా బండి మీద గంటల తరబడి ఎండలో ఉంటే క్రిములు ఇంకా పెరుగుతాయి.

మనకేమో కడుపునొప్పొస్తే కాస్త వాము నమిలి ఊరుకోవడం అలవాటు. మనం చెప్పకపోతే ఆ వంటగదిలో ఏం జరుగుతోందో అధికారికి తెలిసేదెలా?

మీరూ చేయొచ్చు

* హోటల్లో పద్నాలుగంకెల లైసెన్సు నంబరు కనిపిస్తోందా? 2022 జనవరి నుంచి బిల్లు మీదా ఆ నంబరు వేయాలి.

* నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంటే ఆ బజ్జీల జోలికి పోకండి. ఇంట్లోనూ కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచకండి.

* కొన్న సరుకు మీద అనుమానముంటే మీరే ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ఆ సంగతి కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. సరుకు ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే కట్టిన ఫీజు తిరిగొస్తుంది.

* ఫిర్యాదుకు 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్ ఉంది. బిల్లు, ప్యాకెట్ పారేయకండి. తేదీ రాసిపెట్టుకోండి.

* ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నారా? మీకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. భయమెందుకు? ఆ నంబరు డబ్బా మీద ఉంటే కొనేవాళ్లకూ నమ్మకమే.

ఇన్ని వీధుల్లోని ఇన్ని హోటళ్లకు రోజూ అధికారులు రావడం అయ్యేపని కాదు. రోజూ తినేది మనం, మన పిల్లలు. "లైసెన్సు నంబరేదండీ?" అని అడగడం నామోషీ ఏమీ కాదు. నలుగురు అడిగితే ఐదోసారికి ఆ నంబరు గోడ మీదకి అదే వస్తుంది!