ఎముకల లెక్క, ఎలుకల లెక్క

ఎంపీసీనా, బైపీసీనా? పదో తరగతి పరీక్షలు అయిపోతే చాలు, సోమశిల, అనంతసాగరం, ఆత్మకూరు చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఇదే పంచాయితీ. లెక్కలొస్తే ఇంజినీరు, బొమ్మలు బాగా గీస్తే డాక్టరు అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి నా దగ్గరికీ వస్తారు సలహా కోసం. ఈ మధ్య ఒక అమ్మాయి వచ్చింది. "సార్, నాకు లెక్కలూ కావాల, జువాలజీ కూడా కావాల. కాలేజీలో అడిగితే రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దమ్మా అన్నారు సార్" అంది.

ఆ అమ్మాయికి కల్యంపూడి రాధాకృష్ణారావు గారి గురించి చెప్పాను. ప్రపంచమంతా సి.ఆర్.రావు అని పిలిచే ఆ గణాంక శాస్త్రవేత్త పేరు పోటీ పరీక్షల బిట్లలో కనిపిస్తూనే ఉంటుంది. ఆయన ఎముకలూ ఎలుకలూ ముందేసుకుని లెక్కలు కట్టిన సంగతి మాత్రం ఆ బిట్లలో ఉండదు.

1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో, తెలుగింట పుట్టారాయన. ఎనిమిదో సంతానం. కృష్ణుడూ ఎనిమిదోవాడే గదా అని రాధాకృష్ణ అని పేరు పెట్టుకున్నారు. తండ్రి దొరస్వామినాయుడు గారు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆయన బదిలీలతో పాటే పిల్లవాడి బడులూ మారాయి: గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం. గూడూరు అప్పుడు మా నెల్లూరు జిల్లానే కాబట్టి ఆయన చిన్న తరగతులు మా జిల్లాలోనే చదివారని నేను పిల్లలకు కాస్త గట్టిగానే చెబుతుంటాను. తల్లి లక్ష్మీకాంతమ్మ గారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, దీపం వెలిగించి, చదువుకు కూర్చోబెట్టేవారు. కొడుకు దాన్ని మరిచిపోలేదు. పెద్దయ్యాక రాసిన ఒక పుస్తకాన్ని ఆ మాట చెప్పి ఆమెకే అంకితమిచ్చారు. తండ్రి లీలావతి లెక్కల పుస్తకం తెచ్చిచ్చి రోజూ కొన్ని చెయ్యమనేవారట. ఇంట్లో ఇంతకు మించిన ప్రయోగశాల ఏమీ లేదు.

ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. అయ్యాక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. యుద్ధకాలం. సైన్యం సర్వే విభాగంలో లెక్కల పని ఉందంటే వెళ్ళారు గానీ అది దొరకలేదు. అక్కడ బసలో కలిసిన ఒకాయన, ఇక్కడ మహలనోబిస్ గారు గణాంకాలు నేర్పే సంస్థ ఒకటుంది, చూడమన్నారు. 1941 జనవరిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1945లో, ఆయన రాసిన ఒక్క వ్యాసం నుంచే క్రేమర్-రావు, రావు-బ్లాక్‌వెల్ సూత్రాలు వచ్చాయి. వాటి మీద రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ తర్వాతి రెండేళ్ళ సంగతి ఎక్కువమంది చెప్పరు. ఈ వ్యాసం దాని గురించే.

కేంబ్రిడ్జిలోని మానవశాస్త్ర మ్యూజియం వాళ్ళ దగ్గర సూడాన్‌లోని జెబెల్ మోయా నుంచి వచ్చిన పాత అస్థిపంజరాలు గుట్టగా పడున్నాయి. మందుల కంపెనీ యజమాని హెన్రీ వెల్‌కమ్ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు తవ్వించినవి. ఆ మనుషులు ఎవరు, ఏ జాతులకు దగ్గరివాళ్ళు అన్నది కొలతల్ని బట్టి తేల్చాలి. మహలనోబిస్ పద్ధతి తెలిసిన మనిషి కావాలని కబురొస్తే, 1946లో రావు గారు ఓడెక్కారు.

ఆ పద్ధతేమిటో మా తరగతిలో చెప్పినట్టే చెబుతాను. టేపు ఇచ్చి పిల్లల ఎత్తు, మూర పొడవు, తల చుట్టుకొలత కొలిపిస్తాను. ఎత్తుగా ఉన్నవాడికి మూర కూడా పెద్దదే అవుతుంది. ఇద్దరి మధ్య తేడా కట్టేటప్పుడు ఎత్తులో తేడా, మూరలో తేడా రెండూ కలిపేస్తే ఒకే తేడాని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. తల చుట్టుకొలత మాత్రం వేరే దారిన పోతుంది. ఇలా ఒకదానితో ఒకటి ముడిపడ్డ కొలతల్లో ఆ ముడి ఎంతో చూసి, దాని మేర తగ్గించి, అసలు దూరం చెప్పేదే మహలనోబిస్ దూరం. రావు గారు అక్కడితో ఆగలేదు. ఒక పుర్రె చేతికిస్తే, అది ఈ మూడు నాలుగు జనసమూహాల్లో దేనికి చెందిందో, పొరపాటు వీలైనంత తక్కువ జరిగేట్టు ఎలా చెప్పాలి? 1948లో ఆయన పీహెచ్‌డీ పొందింది ఈ జీవ వర్గీకరణ లెక్కల మీదే. ఇప్పుడు పుర్రె స్థానంలో కణితి ముక్క, మూర స్థానంలో వేల జన్యువుల కొలతలు వచ్చాయి. ఈ క్యాన్సరు ఏ రకమన్న ప్రశ్నకు కంప్యూటరు చెప్పే జవాబు ఆ లెక్కల కుటుంబంలోదే.

ఇక ఎలుకలు. పీహెచ్‌డీకి గురువు ఆర్.ఎ.ఫిషర్. ఆధునిక గణాంక శాస్త్రానికి తండ్రి లాంటివాడే అయినా అప్పుడు కేంబ్రిడ్జిలో ఆయన కూర్చున్నది జన్యుశాస్త్రం కుర్చీలో. పగలు మ్యూజియంలో ఎముకలు చూసుకునే మన కుర్రవాణ్ణి తన ప్రయోగశాలలో ఎలుకల్ని పెంచే పనికి పెట్టాడు. ఏ లక్షణం ఉన్న ఎలుకను దేనితో జత కడితే ఎలాంటి పిల్లలు పుట్టాయో రాసుకోవాలి. క్రోమోజోము మీద పక్కపక్కనున్న జన్యువులు కలిసే వస్తాయి, దూరంగా ఉన్నవి విడిపోతుంటాయి. కాబట్టి పుట్టిన పిల్లల లెక్క చూసి జన్యువుల మధ్య దూరం చెప్పొచ్చు. లెక్కల ఎం.ఏ. చదివినవాడికి ఎలుకల బోను కడగడం చిన్నతనం అనిపించి ఉంటే ఈ కథే లేదు.

ఇలాంటి జన్యువుల లెక్కల్లో మునిగి ఉన్న కాలంలోనే, 1948లో, రావు గారు 'స్కోర్ టెస్ట్' అనే పరీక్షను ప్రచురించారు. దాని కిటుకు రైతులకు సులువుగా అర్థమవుతుంది. కయ్య చదునుగా ఉందో లేదో తెలియాలంటే చేనంతా తవ్వి మళ్ళీ చదును చేసి చూడక్కర్లేదు. కాసిని నీళ్ళు వదిలి, ఎటు పారుతున్నాయో, ఎంత జోరుగా పారుతున్నాయో చూస్తే చాలు. స్కోర్ టెస్ట్ కూడా అంతే. 'ఈ జన్యువుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు' అనుకుని ఒకసారి లెక్క కట్టి, అక్కడే నిలబడి వాలు చూస్తుంది. వాలు గట్టిగా ఉంటే ఆ అనుకోవడం తప్పన్నమాట.

దీని విలువ అర్ధశతాబ్దం తర్వాత గానీ పూర్తిగా తెలియలేదు. మనిషి డీఎన్‌ఏ ఒక వరస సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో మనిషికీ మనిషికీ తేడా ఉండే చోట్లు లక్షల్లో ఉంటాయి. చక్కెర జబ్బుకు ఏ చోటు కారణమో వెతకాలంటే ప్రతి చోటా ఒక పరీక్ష. ప్రతిదానికీ లెక్క మొదట్నుంచి కట్టుకుంటూ పోతే పెద్ద కంప్యూటర్లు కూడా రోజుల తరబడి తిరుగుతాయి. స్కోర్ టెస్ట్‌కైతే సంబంధం లేదనుకునే లెక్క ఒక్కసారి కడితే సరి. అందుకే ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటి లోపల అదే ఉంది. దాన్ని కనిపెట్టిన నాటికి మన దేశంలో లెక్కల యంత్రమంటే ఎక్కువగా బల్ల మీద పెట్టుకుని చేత్తో తిప్పేదే.

1982లో ఆయన ఇచ్చిన ఇంకో కొలత మా ఊరి పిల్లలకు ఇంకా దగ్గరిది. ఉదయగిరి దారిలో జామాయిల్ తోటలోకి వెళ్ళి కళ్ళు మూసుకుని రెండు చెట్లు పట్టుకోండి. రెండూ జామాయిలే. అదే పెన్న దాటి వెలిగొండ అడవిలో రెండు చెట్లు పట్టుకుంటే ఒకటి ఎర్రచందనం, ఇంకొకటి తుమ్మ కావచ్చు. అలా పట్టుకున్న రెంటి మధ్య సగటున ఎంత తేడా ఉంటుందో అదే ఆ చోటి వైవిధ్యం. పర్యావరణ శాస్త్రవేత్తలు దాన్ని రావు గారి పేరుతోనే పిలుస్తారు. 'రెండూ పచ్చగానే ఉన్నాయి గదా సార్' అనే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

2023లో, 102 ఏళ్ళ వయసులో, గణాంక శాస్త్రంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి ఆయనకు వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు.

రావు గారు ఎముకలూ ఎలుకలూ చూసుకునే రోజుల్లో, జీవశాస్త్రాన్ని లెక్కలతో చదివే ఈ విద్యకు కంప్యుటేషనల్ బయాలజీ అన్న పేరు లేదు. ఆ పేరుతోనే పనిచేసిన తెలుగువారిలో మతుకుమల్లి విద్యాసాగర్ గారు ఒకరు. 1947లో గుంటూరులో పుట్టారు. తండ్రి ఎం.వి.సుబ్బారావు గారు సంఖ్యాశాస్త్రంలో పేరున్న గణితజ్ఞుడు. కొడుకు ఇరవయ్యొక్కేళ్ళకే విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ చేసి, యంత్రాల అదుపు శాస్త్రంలో పెద్దవాడయ్యారు. హైదరాబాదు టీసీఎస్‌లో ఉండగా జీవశాస్త్రం వైపు మళ్ళి, 2004లో వచ్చిన బయోసూట్ అనే సాఫ్ట్‌వేర్ పనికి ముందు నిలబడ్డారు. అరవై దాటాక డల్లాస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి వెళ్ళి క్యాన్సర్ జన్యువుల లెక్కలు చేపట్టారు. 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. యాభై దాటాక ఆయన గ్రూపు మార్చుకోగలిగితే, పదిహేనేళ్ళ పిల్లను ఇటో అటో శాశ్వతంగా తేల్చుకొమ్మనడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది.

మన ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎంబైపీసీ అని లెక్కలూ జీవశాస్త్రమూ కలిపిన గ్రూపు తెచ్చింది. మాకు దగ్గర్లోనే తిరుపతిలో ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ ఉంది. దాని ప్రవేశ పరీక్షలో జీవ, రసాయన, గణిత, భౌతిక శాస్త్రాలు నాలుగింటి నుంచీ సమానంగా ప్రశ్నలిస్తారు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో కంప్యుటేషనల్ బయాలజీకి చోటిచ్చే కేంద్రముంది. చదువు బరువెక్కువే, కాదనను. అన్ని కాలేజీలూ కొత్త గ్రూపు పెట్టవు, అదీ నిజమే. అయినా మీ ఇంట్లో పిల్లో పిల్లవాడో రెండూ కావాలంటే 'కుదరదు' అనేముందు, ఆ గ్రూపు ఎక్కడుందో నాలుగు కాలేజీలు తిరిగి అడగండి.