కొరియా బడిలో ఇంగ్లీషు పాఠం

బాగాయం నుంచి చెన్నైకి బస్సులో వెళ్ళేటప్పుడు శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్ ఫ్యాక్టరీ చూసే ఉంటారు. 1998 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఆ కంపెనీది కొరియా. మరి మనవాళ్ళు ఆ దేశం వెళ్ళి ఇంగ్లీషు చెప్పవచ్చునా?

చెప్పవచ్చు. 2010 జనవరిలో అమలుకు వచ్చిన భారత, కొరియా ఒప్పందం అందుకు వీలిచ్చింది. డిగ్రీతోపాటు ఇంగ్లీషు టీచరు అర్హత ఉండాలి. ఉద్యోగం బడుల్లో, సహాయ ఉపాధ్యాయులుగా. ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలకు ఈ వీలు లేదు. ఏజెంటుకు డబ్బు కట్టకముందే ఈ సంగతి ఆలోచించుకోండి.

అక్కడ ఇంగ్లీషు మూడో తరగతిలో మొదలవుతుంది. చిన్న బడుల్లో పీరియడు 40 నిమిషాలు. కొరియా టీచరు పక్కనే ఉంటారు. మధ్యాహ్నం అందరికీ బడిలోనే భోజనం: అన్నం, సూపు, కిమ్చీ. శాకాహారులకు కాస్త కష్టమే.

అసలు పని పలుకుబడి దగ్గర. కొరియా భాషలో ఇంగ్లీషు 'ఎఫ్' శబ్దం లేదు. కాఫీని 'కొపి' అంటారు. మన గుడియాత్తం అవ్వలు 'కాపి' అనరూ? బస్ అనే మాట చివర వాళ్ళూ ఒక అచ్చు తగిలిస్తారు, మనం 'బస్సు' అన్నట్టే. ఆ పొరపాటు మనకు ఇంటి పొరపాటు, కాబట్టి దిద్దడమూ తెలుసు. చివరి సకారాన్ని పాము బుసకొట్టినట్టు సాగదీసి, నోరు తెరవకుండా అక్కడే ఆపమనండి.