వార్తల్లో పదం: ఫుట్‌బాల్ మేనేజర్
బంతిని తన్నడం కాదు, జట్టును నడపడమే ఈ కంప్యూటర్ ఆట. 2025 సంచిక రద్దయి, అదే ఏడాది నవంబరులో 2026 సంచిక రావడంతో ఈ పేరు మళ్లీ వినబడింది. కొత్తగా ఆడేవాళ్లు పేరున్న ఆటగాళ్ల కోసం బడ్జెట్ అంతా ఊడ్చేస్తారు. కానీ గెలిపించేది ఎవరిని ఎక్కడ నిలబెట్టామన్నదే. భారత ఫుట్‌బాల్ జట్టు హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చేసింది ఇదే. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలోకి పంపారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపులో ఒక గోల్ జర్నైల్‌దే.

అంకెల ఆటకూ, గాయంతో దిగిన మనిషికీ పోలికేమిటనవచ్చు. నిజమే, ధైర్యానికి ఈ ఆటలో 20కి ఇన్నని మార్కులుంటాయి. ఆ తెగువ అందులో ఇమడదు. అయినా ఉన్నవాళ్లతోనే లోటు పూడ్చుకోవడం రెండుచోట్లా ఒకే పని. అందుకే ఆటగాడి మార్కులకన్నా ముందు, అతను ఇంకే స్థానంలో ఆడగలడో చూపే పటం చూడాలి.