చక్రాల కుర్చీ నడిపే నేర్పు – దాని కొలత

కాళ్ళు స్వాధీనంలో లేని ఒక యువకునికి చక్రాల కుర్చీ అమర్చారనుకుందాం. ఆస్పత్రి వసారాలో, నున్నని గచ్చు మీద, ఈ కొననుంచి ఆ కొనకు చక్కగా నడిపాడు. ఇక పరవాలేదని ఇంటికి పంపారు. ఇంటి గుమ్మానికి రెండంగుళాల గడప ఉన్నది. కుర్చీ అక్కడ ఆగిపోయింది. ఇతనికి కుర్చీ నడపడం వచ్చినట్లా, రానట్లా?

ఒక్క మాటలో జవాబు చెప్పడానికి వీలులేదు. నేర్పును చిన్న చిన్న పనులుగా విడదీసి, ఒక్కొక్క దానిని చేయించి చూడాలి. కెనడాలో హాలిఫాక్స్ నగరంలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ లీ కర్బీ, ఆయన సహచరులు ఇటువంటి పరీక్ష నొకదానిని రూపొందించి 2002లో ప్రకటించారు. తరువాత అది పలుమార్లు సవరణ పొందింది. ముందుకు, వెనుకకు నడపడం, ఇరుకుచోట మలుపు తిరగడం, తలుపు తెరచి దాటి మళ్ళీ మూయడం వంటి తేలిక పనులతో మొదలై, 5 డిగ్రీల వాలు, 10 డిగ్రీల వాలు, మెత్తని నేల, 15 సెంటీమీటర్ల గట్టు వరకు పోతుంది. దీని ఒకానొక రూపంలో పనిని క్షేమంగా చేస్తే 2 మార్కులు, చేసినా ప్రయాసపడితే 1, చేయలేకపోతే 0. మొత్తాన్ని శాతంగా లెక్కిస్తారు. ఆ కుర్చీకి లేని భాగంతో చేయవలసిన పని ఉంటే దానిని లెక్కలోనుంచి తీసివేస్తారు, ఇది న్యాయమే. కుర్చీ వెనుకకు పడిపోకుండా ఒక మనిషి పట్టీ పట్టుకొని వెంట ఉంటాడు.

5 డిగ్రీల వాలు ఒకటి, 10 డిగ్రీలది మరొకటి ఎందుకు? మనిషి, కుర్చీ కలిసి 90 కిలోగ్రాములనుకోండి. 5 డిగ్రీల వాలుమీద జారిపోకుండా నిలవడానికే సుమారు 8 కిలోగ్రాముల బరువుకు సమానమైన బలం కావాలి. 10 డిగ్రీల మీద అది దాదాపు 16. చేతితో పట్టే వలయం చక్రంకన్న చిన్నది గనుక చేతులమీద పడే బలం ఇంకా కాస్త ఎక్కువే.

బలం ఒక్కటే చాలదు. గరిమనాభి నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, వెనుక చక్రం నేలను తాకే చోటుకు 15 సెంటీమీటర్లు ముందుగా ఉన్నదనుకుందాం. అప్పుడు సుమారు 15 డిగ్రీల వాలుమీద కుర్చీ తనంతట తానే వెనుకకు తిరగబడుతుంది. 10 డిగ్రీల వాలు మీద మిగిలిన అంతరం కొద్దిపాటిదే. ఒక్కసారి గట్టిగా తోస్తే అదీ చెల్లిపోవచ్చు. అందుకే నేర్పరి ముందుకు వంగి, గరిమనాభిని ముందుకు తెచ్చుకొని ఎక్కుతాడు. కండబలమున్నవాడు ఓడిపోయి, బక్కపలచనివాడు నెగ్గడం ఇందువల్లనే జరుగుతుంది.

ఇక గడప సంగతి. ముందుచక్రం వ్యాసం 12 సెంటీమీటర్లయితే దాని ఇరుసు ఎత్తు 6 సెంటీమీటర్లే. 5 సెంటీమీటర్ల గడప దానికి దాదాపు గోడతో సమానం. దానిని ఎక్కించాలంటే ముందుచక్రాలను గాలిలోకి లేపాలి. చేతులతో వలయాలను చటుక్కున ముందుకు తోస్తే అవి లేస్తాయి. వాటిని గడప మీద దింపి, ముందుకు వంగి పెద్ద చక్రాలను ఎక్కించాలి. ఈ విద్యలో పరిణతి చూడడానికి, వెనుక చక్రాలమీదనే 30 సెకండ్లు నిలబడమంటారు. పిల్లలు అరచేతిలో కర్రను నిలబెట్టే ఆటవంటిదే ఇది. కర్ర ఎటు వాలితే చేయి అటు పోవాలి. కుర్చీ వెనుకకు వాలితే చక్రాలను వెనుకకే లాగాలి. కొత్తవారికి ఇది విపరీతంగా తోస్తుంది. భయంతో ముందుకు తోసి పడిపోతారు.

పరీక్షలో చేయగలిగిన పనిని ఇంటివద్ద చేయకపోవచ్చు. కనుక దీనికి జతగా ఒక ప్రశ్నావళి కూడ ఉన్నది. చేయగలరా, ఎంత ధైర్యంతో, ఎంత తరచుగా అని వేరువేరుగా అడుగుతారు. మూడింటికీ జవాబులు ఒకటి కానక్కర లేదు.

మార్కులు తక్కువ వచ్చినవారు తప్పినట్లు కాదు. ఏ పని రాలేదో అదే తరువాతి పాఠం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చక్రాల కుర్చీల సరఫరాకు సూచించిన ఎనిమిది దశలలో వాడేవారికి శిక్షణ ఇవ్వడం ఏడవది. కాని కుర్చీని చేతికిచ్చి ఫొటో తీయడంతో పని ముగిసిందనుకొనేవారు మనలో తక్కువేమీ కాదు.

కుర్చీని వెనుకనుంచి తోసే తల్లికో, తమ్మునికో కూడ ఇదే పరీక్ష పెట్టవచ్చు. వాలుమీదనుంచి దించేటప్పుడు ముఖం పల్లంవైపు పెట్టి దించుతున్నారా, కుర్చీని వెనుకకు తిప్పి దించుతున్నారా అని అందులో చూస్తారు.