ఒకే వేషం – ఎందరో బిల్లీలు

లండన్‌లోని విక్టోరియా పేలెస్ థియేటరులో “బిల్లీ ఎలియట్” అనే సంగీత నాటకాన్ని నేను ఒకే వారంలో రెండుసార్లు చూశాను. మొదటిరోజు బిల్లీ వేషం కట్టిన కుర్రవాడు నన్ను ఎంతగా ఏడిపించాడంటే, వాణ్ణి మళ్ళీ చూడాలని చేతి డబ్బు పెట్టి ఇంకో టిక్కెట్టు కొన్నాను. తీరా వెళితే ముందు హాలులోని బోర్డు మీద వేరే పేరు వున్నది! డబ్బు దండగయిందని గొణుక్కుంటూనే కూర్చున్నాను.

కథ 2000లో సినిమాగా వచ్చినదే. 1984-85లో బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికులు సమ్మె కట్టిన రోజులు. తల్లి పోయిన పిల్లవాడు బిల్లీ. తండ్రీ, అన్నా సమ్మెలో వున్నారు. బాక్సింగు నేర్చుకోమని పంపితే వాడు ఆడపిల్లల బ్యాలే తరగతిలో తేలాడు. లీ హాల్ రచనకు ఎల్టన్ జాన్ బాణీలు కట్టగా, స్టీఫెన్ డాల్డ్రీ 2005లో దీనిని రంగస్థలం ఎక్కించాడు.

ఇంత బరువు పసివాడొకడు రోజూ మొయ్యలేడు, అక్కడి చట్టమూ ఒప్పుకోదు. అందుకే మొదట జేమ్స్ లోమస్, జార్జ్ మగ్వయర్, లియమ్ మోవర్ అనే ముగ్గురు వంతులవారీగా ఆడారు. మన పౌరాణిక నాటకాల్లో ఒకే రాత్రి మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు రావడం మనకు కొత్త కాదు. అక్కడ మాత్రం ఒక రాత్రికి ఒకడే బిల్లీ.

చనిపోయే ముందు తల్లి రాసిన ఉత్తరాన్ని బిల్లీ తన నాట్యం టీచరుకు చూపించే ఘట్టం వున్నది. ఆ ఉత్తరం వాడికి కంఠతా వచ్చు. నేను చూసిన మొదటి కుర్రవాడు ప్రతి మాటకూ గొంతు పూడుకుపోతూ పాడాడు, హాలంతా చేతిరుమాళ్ళు! రెండవవాడు ఎక్కాలు అప్పజెప్పినట్లు, ముఖంలో ఏమీ కనబడనీయకుండా పాడాడు. “వీడికి నటన రాదు కాబోలు” అనుకున్నాను. కాని మొదటి అంకం చివర, తండ్రి వద్దన్నాక వచ్చే కోపనృత్యంలో వాడు నేలను తన్నిన తీరు చూసి నా గుండె ఝల్లుమన్నది. ఆ ఉత్తరం దగ్గర దాచుకున్నదంతా వాడి పాదాల్లోకి దిగింది. ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ రెండవవాడే.

వాళ్ళకు నాట్యం కూర్చిన పీటర్ డార్లింగ్ కూడా అందరినీ ఒకే మూసలో పోయలేదు. రాయల్ బ్యాలే పాఠశాల పరీక్షలో బిల్లీ చేసే నాట్యాన్ని ఏ కుర్రవాడికి ఏది బాగా వస్తే దానికి తగినట్లు మార్చేవాడు. 2008లో న్యూయార్కులో ఆడిన ముగ్గురిలో డేవిడ్ అల్వరెజ్ బ్యాలేలో ఆరితేరినవాడు. ట్రెంట్ కొవాలిక్ ఐరిష్ నృత్యంలో దిట్ట. కిరిల్ కులిష్ జంట నాట్యాల పోటీల్లో నలిగినవాడు. ఎవరు గొప్పో తేల్చలేకనో ఏమో, 2009లో ఉత్తమ నటుడి టోనీ బహుమతిని ముగ్గురికీ కలిపి ఇచ్చారు. తేల్చబోతే నాకూ చేతకాదు.

పాపం, ఈ పిల్లలకు శత్రువు పోటీవాడు కాదు, వయస్సు! గొంతు బొంగురుపోతే, నాలుగంగుళాలు ఎదిగితే వేషం ఇంకొకడిది.

2014 సెప్టెంబరులో లండన్ ప్రదర్శనను చిత్రీకరించి సినిమాహాళ్ళలో చూపించారు. ఆ రోజు బిల్లీ ఎలియట్ హానా. బిల్లీ పెద్దయిన తనతోనే తాను కలిసి ఆడే నృత్యంలో, ఆ పెద్ద బిల్లీగా వచ్చినవాడు 2005 నాటి ముగ్గురిలో ఒకడైన లియమ్ మోవర్.